ఇ, ఆరు

డుబ్యూక్‌లో జూలై రాత్రి.
మిసిసిపీ మీంచి లేచిన ఉసిళ్ళు
గ్రౌండు దీపాల కింద జల్లులా రాలుతున్నాయి.
స్కోరు పుస్తకం మీద రెండు,
టీ ఫ్లాస్కు మూత మీద మూడు.
ఉఫ్ఫని ఊది, గడి నింపుతాను.

మూడేళ్ళ కిందట ఈ పుస్తకం పట్టే మనిషి లేక
కోచ్ లిండ్‌క్విస్ట్ నా చేతిలో పెన్సిలు పెట్టాడు,
"మందుల షాపులో పనిచేస్తారుగా,
చిన్న గడుల్లో రాయడం మీకు అలవాటే" అని.
అప్పటికి నాకు తెలిసిన ఆట బిళ్ళంగోడు ఒక్కటే.
అందులో లెక్క నోటితోనే,
తగువూ నోటితోనే.

ఇక్కడ ప్రతిదానికీ ఒక గుర్తు.
బ్యాటు ఊపి అవుటైతే 'కె'.
ఊపకుండా, చూస్తూ చూస్తూ అవుటైతే
అదే 'కె'ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలి.
మొదటి ఏడాది మావాడి పేరు పక్కన
తిరగబడ్డవి పదకొండు.
భోజనాల దగ్గర వాటి గురించి మేం మాట్లాడుకోలేదు.
రెండో ఏడాది నాలుగు.
అవుట్లేం తగ్గలేదు,
ఊపి అవుటవుతున్నాడు, అంతే.
ఆ తేడా వాడికి తెలుసు, నాకు తెలుసు,
నా పెన్సిలుకి తెలుసు.

ఇంకోటుంది. త్యాగం అంటారు దాన్ని.
ఆటలో మరీ ఇంత పెద్ద మాటా అనుకునేదాన్ని.
బ్యాటు మెల్లిగా అడ్డం పెట్టి, బంతిని అక్కడికక్కడే చంపేసి,
తను అవుటై, ముందున్నవాణ్ణి ఒక మెట్టు జరిపితే
ఆ అవుటు అతని సగటులో కలవదు.
తల దించుకుని తిరిగొస్తున్న పదహారేళ్ళవాడి కోసం
బెంచీ మొత్తం లేచి నిలబడుతుంది.
అవుటైనవాడికి ఆ చప్పట్లేమిటో అర్థం కావడానికి
నాకు ఒక సీజను పట్టింది.

ఇవాళ ఆరో ఇన్నింగ్స్. ఒక్క పరుగు ముందున్నాం.
షార్ట్‌స్టాప్‌లో డెస్మండ్ ప్రూయిట్.
వాళ్ళమ్మకి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
కంచె అవతల కారులోంచే కాసేపు చూసి వెళ్ళిపోయింది.
బంతి తిన్నగా అతని దగ్గరికే వచ్చింది,
తెలిసిన ఇంటికొచ్చిన చుట్టంలా.
కాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయింది.
ఇద్దరు ఇంటిప్లేటు దాటారు.
ఆట అక్కడే అయిపోయింది,
ఆ తర్వాత ఇంకో ఇన్నింగ్స్ ఆడారు గానీ.

నేను 'హిట్' అని రాశాను.
మట్టిలో ఏదో గడ్డ తగిలి ఎగిరిందనుకున్నాను.
అనుకోవాలనుకున్నాను.
ఆ కుర్రాడు మా ఇంట్లో పెరుగన్నం తిన్నాడు,
ఆవకాయ నంజుకుని మంచినీళ్ళు కూడా అడగలేదు.

అందరూ వెళ్ళిపోతుంటే
కంచె దగ్గరికొచ్చాడు, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.
"మిసెస్ వేమూరి, ఏం రాశారు?"
చూపించాను.
చాలాసేపు చూశాడు. ముక్కు తుడుచుకున్నాడు.
"ఇది హిట్టయితే ఆ పరుగులు ఎమెట్ ఖాతాలో పడతాయి.
వాడు ఇవాళ బాగా వేశాడు."

రబ్బరు కోసం సంచీ అంతా వెతికాను.
దొరకలేదు.
వేలు తడిచేసుకుని రుద్దబోయాడు,
కాగితం చిరుగుతుందని ఆపాను.
పక్కనే రాశాను: ఇ, ఆరు.
ఇ అంటే తప్పు. ఆరు, అతను నిలబడే చోటు.
పేరు రాయరు.
పెన్సిలు తీసుకుని
'హిట్' మీద అడ్డంగా అతనే గీత గీశాడు,
సన్నగా, కింద ఏముందో కనబడేలా.

మావాడికి ఇవాళ వంతు రాలేదు.
బంతుల బకెట్టు కారులో పెట్టి
వెనకసీట్లో కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు.
డెస్మండ్‌ని మేమే దింపాం.
ఫిజిక్స్ మాస్టారి గురించో దేని గురించో
ఇద్దరూ సగం దారి నవ్వుకున్నారు,
ఫ్యాక్టరీ దీపాలు కనబడ్డాక ఆగిపోయారు.
వైపర్లు వేశాను.
వాన లేదు.
ఉసిళ్ళు.